భోజనం తెరిచిన తలుపు: ఇంగ్లండు పల్లె పబ్బులో కుటుంబం (పబ్బుల కథ – 6వ భాగం)

ఇంగ్లండు పల్లెటూరి పబ్బు అనగానే తక్కువ ఎత్తు పైకప్పు, పొగకు నల్లబడిన ఓకు దూలాలు, మండుతున్న పొయ్యి, దానికి దగ్గరగా ఒకే బల్ల చుట్టూ చేరి ఆదివారపు రోస్టు తింటున్న మూడు తరాల కుటుంబం కళ్ళ ముందు నిలిచేంతగా ఆ దేశపు పర్యాటక ప్రచారం ఈ దృశ్యాన్ని ప్రపంచానికి అలవాటు చేసింది. ఆ దూలాలు నాలుగైదు వందల ఏళ్ళ నాటివి కావచ్చు గాని, వాటి కింద జరిగే భోజనం, ముఖ్యంగా పిల్లలను వెంటబెట్టుకుని చేసే భోజనం, అంత పాతది కాదు. 1909 నుంచి 1995 దాకా పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను పబ్బులోని బారు గదిలో ఉండనివ్వడం ఇంగ్లండు చట్టం ప్రకారం నేరం. ఆ నిషేధంలో కుటుంబాలకు నిజంగా పనికివచ్చిన వెసులుబాటు భోజనశాలకు సంబంధించినది ఒక్కటే. మద్యం అమ్మే ఇంట్లోకి కుటుంబం అడుగుపెట్టడానికి అన్నమే అనుమతిపత్రమైన ఈ చరిత్రలో చట్టసభ, బీరు కంపెనీలు, యుద్ధం, మోటారు కారు తలా ఒక చెయ్యి వేశాయి. వంటవాడి వంతు చివరికి గాని రాలేదు.

గత భాగాలలో వివరించినట్లు, పాతకాలపు ఇంగ్లండులో మద్యం దొరికే ఇళ్ళు మూడు రకాలు: మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీతో కాచిన ఏల్ అనే పానీయాన్ని అమ్మే ఏల్‌హౌసు, వైను అమ్మే టావెర్ను, బాటసారులకు పడకను, తిండిని, వారి గుర్రాలకు గడ్డిని సమకూర్చే ఇన్ను. డోవరు రేవు మరమ్మతులకు పన్ను వేయాలన్న ఉద్దేశంతో 1577లో జరిపిన లెక్కింపులో 14,202 ఏల్‌హౌసులు, 1,631 ఇన్నులు, 329 టావెర్నులు నమోదయ్యాయి. అంటే వండి వడ్డించడం వృత్తిలో భాగంగా గల ఇన్నులకు దాదాపు తొమ్మిది రెట్లు ఏల్‌హౌసులు ఉన్నాయన్నమాట. నేటి పల్లె పబ్బుల్లో ఎక్కువ వాటి వంశమూలం ఈ ఏల్‌హౌసులోనే ఉంది. అక్కడ తిండి అంటే రొట్టె, జున్ను, ఉల్లిపాయ, అదీ ఆ ఇంటి ఇల్లాలి దగ్గర ఆ పూట మిగిలి ఉంటే.

వండిన భోజనం చరిత్ర అంతా ఇన్నుల వైపే నడిచింది. అక్కడ నిర్ణీత సమయానికి, నిర్ణీత ధరకు, అందరికీ ఒకే వంట ఒకే పొడవాటి బల్ల మీద వడ్డించే పద్ధతిని ఆర్డినరీ అనేవారు. కోరుకున్నది వండించుకునే అవకాశం లేని, వండినది తిని పైకం ఇచ్చి లేచే ఈ ఏర్పాటును తెలుగు పాఠకులు పూటకూళ్ళ ఇంటితో పోల్చుకుంటే చాలా వరకు సరిపోతుంది. సంతరోజున చుట్టుపక్కల రైతులు, ధాన్యం వర్తకులు కలిసి తినే సంత ఆర్డినరీ చిన్న పట్టణాల ఇన్నులకు నికరమైన ఆదాయం. 1784లో బ్రిస్టలు నుంచి లండనుకు జాన్ పామరు తపాలా బండిని ప్రవేశపెట్టాక దూరప్రయాణాల బండ్లు వేగం పెంచుకున్నాయి, రహదారి ఇన్నులు ఒక అర్ధశతాబ్దం పాటు వెలిగిపోయాయి. అయితే గుర్రాలు మార్చే ఆ కొద్ది నిమిషాల్లో కాలుతున్న పులుసు గొంతులో పోసుకుని, ముట్టని మాంసానికి కూడా డబ్బు చెల్లించి బండెక్కవలసి వచ్చిందన్న ఫిర్యాదు ఆ కాలపు రాతల్లో తరచుగా కనిపిస్తుంది కనుక, ఆ వెలుగును వంట నాణ్యతకు నిదర్శనంగా తీసుకోవడం కష్టం. 1838లో లండను–బర్మింగ్‌హాం రైలుమార్గం పూర్తయ్యాక బండ్లు ఆగిపోయాయి, బండ్లతోపాటు రహదారి ఇన్నుల వంటశాలలూ చల్లబడ్డాయి.

అదే కాలంలో పార్లమెంటు చేసిన మరొక పని పల్లెల రూపం మార్చింది. 1830 నాటి బీర్‌హౌసు చట్టం ప్రకారం ఇంటిపన్ను కట్టే వ్యక్తి ఎవరైనా రెండు గిన్నీలు, అంటే 42 షిల్లింగులు చెల్లించి, మేజిస్ట్రేటు అనుమతితో పని లేకుండా తన ఇంటి ముందుగదిలోనే బీరు అమ్ముకోవచ్చు. జిన్ను అనే గాఢమైన సారా నుంచి పేదవారిని తేలికైన బీరు వైపు మళ్ళించాలన్నది పాలకుల ఆశ. మొదటి ఆరు నెలల్లోనే సుమారు 24,000, 1838 నాటికి సుమారు 46,000 బీర్‌హౌసులు పుట్టుకొచ్చాయి. వీటిలో ఒక బల్ల, రెండు బెంచీలు, ఒక పీపా ఉంటే అదే వ్యాపారం; పొలం కూలీ తన రొట్టెముక్కను గుడ్డలో కట్టి తెచ్చుకునేవాడు, పొయ్యి మీద వేడిచేసుకోనిస్తే అదే గొప్ప మర్యాద. 1869లో మేజిస్ట్రేట్ల అధికారాన్ని పునరుద్ధరించే నాటికి పల్లె పబ్బు అంటే తాగే చోటు మాత్రమేనన్న భావం గట్టిగా పాతుకుపోయింది.

పిల్లల విషయానికి వస్తే, 19వ శతాబ్దంలో పబ్బులో పసివాళ్ళు లేకపోవడమే అరుదు. తండ్రి సాయంత్రపు బీరు కోసం కూజా పట్టుకుని పబ్బుకు పరుగెత్తడం పిల్లల రోజువారీ పనుల్లో ఒకటి. దారిలో ఒక గుక్క తాగడం ఆ పనికి వారు స్వయంగా నిర్ణయించుకున్న కూలి. మద్యనిషేధ ఉద్యమం 1847లో లీడ్సు నగరంలో బ్యాండ్ ఆఫ్ హోప్ అనే బాలల సంఘాన్ని స్థాపించి పసివయసు నుంచే ప్రతిజ్ఞలు చేయించడం మొదలుపెట్టింది. 1901లో వచ్చిన చట్టం పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు బీరు ఇవ్వాలంటే బిరడా బిగించి, ముద్ర వేసిన సీసాలోనే ఇవ్వాలని నిర్దేశించింది, అంటే చట్టం ఆ గుక్కను మాత్రమే ఆపింది, పరుగును ఆపలేదు. అసలు నిషేధం లిబరల్ ప్రభుత్వ కాలంలో, ఉపమంత్రి హెర్బర్ట్ శామ్యూల్ చొరవతో రూపొందిన 1908 నాటి బాలల చట్టంతో వచ్చింది. బాలనేరస్థులకు ప్రత్యేక న్యాయస్థానాల వంటి పెద్ద సంస్కరణల నడుమ, పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను పబ్బు బారులోకి రానివ్వరాదన్న ఒక సెక్షను కూడా అందులో చేరి, 1909 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది.

ఈ సెక్షను ఉద్దేశం మంచిదే. చంకలో బిడ్డతో బారు దగ్గర నిలబడి తాగుతున్న తల్లులు, ఏడుపు ఆపడానికి పసినోట పోసిన జిన్ను చుక్కలు ఆనాటి పట్టణాల్లో నిజమైన సమస్యలు. కాని చట్టం తీసుకున్న బారు నిర్వచనంలో, మద్యం అమ్మడానికి, తాగడానికి మాత్రమే గాని ప్రధానంగా గాని వాడే గది అన్న షరతు ఉంది; పబ్బు యజమాని సొంత పిల్లలకు, వేరే దారి లేక బారు గుండా నడిచిపోయే పిల్లలకు, రైల్వే స్టేషన్లలోని ఫలహారశాలలకు మినహాయింపులు ఉన్నాయి. భోజనశాల బారు కాదు. కనుక వేరే గదిలో బల్లలు వేసి అన్నం పెట్టే స్తోమత ఉన్న ఇన్నులోకి సంపన్న కుటుంబం పిల్లలతో దర్జాగా వెళ్ళవచ్చు, ఒకే గది ఉన్న పల్లె పబ్బు బయట కూలీవాడి బిడ్డ వానలో నిలబడాలి. మద్యం కంటే ఇంటి వైశాల్యాన్ని బట్టి, అంటే పరోక్షంగా డబ్బును బట్టి, తేడా చూపిన ఈ చట్టం తరువాతి కథ మొత్తాన్ని నిర్దేశించింది. తలుపు తీయించుకోవాలంటే భోజనం పెట్టాలన్న పాఠాన్ని పబ్బు యజమానులు నెమ్మదిగా, ఇంచుమించు అయిష్టంగా నేర్చుకున్నారు.

వారికంటే ముందు ఆ పాఠం చెప్పినవారు మద్యపాన సంస్కర్తలు. చెస్టరు బిషప్పు ఫ్రాన్సిస్ జేన్ ప్రభృతులు 1896లో ప్రారంభించిన పీపుల్స్ రిఫ్రెష్‌మెంట్ హౌస్ అసోసియేషన్ పల్లె పబ్బులను తన నిర్వహణలోకి తీసుకుని, మేనేజరుకు జీతం ఇచ్చి, బీరు అమ్మకం మీద ఏ లాభమూ ఇవ్వకుండా తిండి మీద, మత్తులేని పానీయాల మీద మాత్రం కమిషను ఇచ్చింది. స్వీడనులోని గోటెన్‌బర్గు నగరంలో అమలైన పద్ధతికి ఇది ఇంగ్లండు రూపం. అమ్మేవాడికి ఎక్కువ తాగించాలన్న ఆశ లేకుండా చేస్తే, అతడు టీ కాచడం, కూర వండడం మొదలుపెడతాడన్నది వారి లెక్క, అది చాలా వరకు నిజమైంది కూడా. మొదటి ప్రపంచయుద్ధంలో ప్రభుత్వమే ఈ ప్రయోగాన్ని చేతికి తీసుకుంది. గ్రెట్నా దగ్గర మందుగుండు కర్మాగారం వెలిశాక వేలాది కార్మికులు చేరి సమీప నగరం కార్లైలు వీధుల్లో తాగి గొడవ చేయడంతో, 1916లో అక్కడి బీరు తయారీని, పబ్బులను జాతీయం చేసి, ఒక పాత తపాలా కార్యాలయాన్ని విశాలమైన భోజనశాల గల గ్రెట్నా టావెర్నుగా మార్చింది. 1915లో స్థాపితమైన మద్య నియంత్రణ మండలి మధ్యాహ్నం వేళ పబ్బులు మూసివేయాలన్న నియమాన్ని దేశంలోని చాలా ప్రాంతాలకు విస్తరించింది. యుద్ధకాలపు తాత్కాలిక చర్యగా వచ్చిన ఆ మూత ఆదివారాలు కాక మిగతా రోజుల్లో 1988 దాకా నిలిచింది. కార్లైలు పబ్బులు 1970వ దశకం మొదట్లో గాని ప్రైవేటు చేతుల్లోకి తిరిగి వెళ్ళలేదు.

రెండు యుద్ధాల మధ్యకాలంలో పెద్ద బీరు కంపెనీలు సంస్కర్తల ఆలోచనను సొంతం చేసుకున్నాయి. విట్‌బ్రెడ్ కంపెనీలో సిడ్నీ నెవిల్, బర్మింగ్‌హాంలో మిచెల్స్ అండ్ బట్లర్స్ సంస్థ, పాత ఇరుకు పబ్బులను వదులుకుని, వాటికి బదులుగా భోజనశాల, తోట, పచ్చిక మీద బంతులు దొర్లించే బౌలింగు మైదానం గల పెద్ద భవనాలు కట్టారు. బర్మింగ్‌హాం శివారులోని నార్త్‌ఫీల్డులో 1929లో కట్టిన బ్లాక్ హార్సు, కొత్తదైనప్పటికీ ట్యూడరు రాజుల కాలపు చెక్కచట్రాల ఇంటిలా కనిపించేటట్లు తీర్చిన భవనం, ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. పాతదనం కనిపిస్తే కుటుంబాలు నమ్మి వస్తాయని కంపెనీలు అప్పుడే గ్రహించాయి. ఆక్స్‌ఫర్డ్‌షైరులోని థేము పట్టణంలో 1922లో స్ప్రెడ్ ఈగిల్ అనే పాత ఇన్నును కొన్న జాన్ ఫాదర్‌గిల్‌ది వేరే దారి. చిత్రకళ అభ్యసించిన, రచయిత ఆస్కార్ వైల్డుతో పరిచయం గల ఈ మనిషి మంచి పదార్థాలు ఎక్కడ దొరికితే అక్కడి నుంచి తెప్పించి వండించాడు, మర్యాద తెలియని అతిథులను మొహమాటం లేకుండా దులిపేశాడు, ఆ అనుభవాలను 1931లో ఒక దినచర్య పుస్తకంగా ప్రచురించాడు. పిల్లలతో వచ్చే సామాన్య కుటుంబానికి అతడి ఇన్నులో పెద్దగా చోటు లేకపోయినా, పల్లెదారిలో మంచి భోజనం కోసం కారు వేసుకుని వెళ్ళవచ్చునన్న ఆలోచనను ఇంగ్లండు ఉన్నతవర్గానికి అలవాటు చేసినవారిలో అతడు ముఖ్యుడు.

ఇంతవరకు ఆదివారపు రోస్టు ఊసు రాకపోవడానికి కారణం ఉంది: అది పబ్బు వంట కాదు, ఇంటి వంట. చర్చికి వెళ్ళి వచ్చాక మధ్యాహ్నం తినే ఈ భోజనంలో ఒక పెద్ద మాంసపు ముక్క ప్రధానం. గొడ్డుమాంసమైతే ఘాటైన హార్స్‌రాడిష్ అనే దుంప పచ్చడి, గొర్రెమాంసమైతే పుదీనా సాసు, పందిమాంసమైతే ఉడికించిన యాపిలు గుజ్జు తోడు రావాలన్నది దాదాపు శాస్త్రం. దానితోపాటు కొవ్వులో ఎర్రగా కాల్చిన బంగాళాదుంపలు, ఉడికించిన క్యాబేజీ, క్యారెట్లు, బఠాణీలు, మాంసం రసంతో చేసిన గ్రేవీ వస్తాయి. పిండి, గుడ్లు, పాలు కలిపిన జారుడు పిండిని వేడి కొవ్వులో పోసి పొంగించే యార్క్‌షైర్ పుడ్డింగు, 1747లో హన్నా గ్లాస్ ప్రచురించిన వంట పుస్తకంలో ఆ పేరుతోనే కనిపిస్తుంది. నిప్పు ముందు తిరుగుతున్న మాంసం నుంచి కారే కొవ్వు పడేటట్లు కింద పెనం ఉంచి దాన్ని వండేవారు. ఉత్తరాది ఇళ్ళలో దాన్ని గ్రేవీతో ముందుగా వడ్డించడం ఆచారం, కడుపు కొంత నిండితే ఖరీదైన మాంసం అందరికీ సరిపోతుందన్న గృహిణి లెక్క అందులో ఉంది. ఇప్పుడు మాంసాన్ని నిప్పు ముందు కాకుండా మూసిన ఓవెనులో వండుతున్నారు కనుక, పాతకాలపు వంటవాడు చూస్తే దీన్ని రోస్టు అననే అనడు.

ఆదివారం మధ్యాహ్నం పబ్బులు తెరిచి ఉండేది సుమారు రెండు గంటలు. ఆ రెండు గంటలూ భర్త పబ్బులో, భార్య వంటింట్లో గడపడం, పబ్బు మూసే వేళకు మాంసం ఓవెను నుంచి బయటకు రావడం 20వ శతాబ్దపు తొలి అర్ధభాగంలో శ్రామిక కుటుంబాల వారపు క్రమం. పబ్బులో కుటుంబమంతా కూర్చుని రోస్టు తినడమంటే ఈ క్రమాన్ని తలకిందులు చేయడమే. ఆదివారం ఆ వంటింటి చాకిరీ నుంచి స్త్రీకి దొరికిన విడుదలగా దీన్ని చూడకుండా, సంప్రదాయపు కొనసాగింపుగా మాత్రమే వర్ణించే పర్యాటక రచనలు సగం కథనే చెబుతున్నాయి.

పిల్లల మీది నిషేధంలోని అసంబద్ధతను అందరికంటే సూటిగా ఎత్తిచూపినవాడు, బీహారులోని మోతీహారిలో పుట్టిన రచయిత జార్జ్ ఆర్వెల్. 1946 ఫిబ్రవరిలో ఈవెనింగ్ స్టాండర్డ్ పత్రికలో ఆయన మూన్ అండర్ వాటర్ అనే పబ్బును వర్ణించి, చివరలో అలాంటిది నిజానికి లేదని బయటపెట్టాడు. ఆ ఊహాపబ్బులో మేడ మీద సుమారు మూడు షిల్లింగులకు దొరికే మధ్యాహ్న భోజనం, వెనుక తోట, తోటలో పిల్లలకు ఉయ్యాలలు, జారుడు బల్ల ఉన్నాయి. పిల్లలను దూరం పెట్టడం వల్లనే పబ్బులు కుటుంబాలు కలిసే చోట్లు కాకుండా ఉత్త తాగుడు చోట్లుగా దిగజారుతున్నాయన్నది ఆయన వాదన. తోట వల్ల కలిగే మేలేమిటంటే, తండ్రి తాగుతుంటే తల్లి ఇంట్లో బిడ్డను చూసుకుంటూ ఉండిపోనవసరం లేకపోవడం. యుద్ధానంతర ఇంగ్లండులో ఆహారం ఇంకా రేషనులో ఉండగా రాసిన ఆ భోజనపు వర్ణనలో కొంత ఆకలి కూడా ఉందనుకోవాలి.

రేషను 1954లో గాని పూర్తిగా తొలగలేదు. యుద్ధకాలంలో చెడ్డార్ తరహా ఒకే రకం జున్నును ప్రభుత్వం తయారుచేయించడంతో దేశవాళీ జున్ను రకాలు మరుగున పడ్డాయి, వాటి అమ్మకం తిరిగి పెంచడం పాడి పరిశ్రమకు అవసరమైంది. 1950వ దశకపు రెండో సగంలో చీజ్ బ్యూరో అనే ప్రచార సంస్థ, 1960వ దశకంలో పాల మార్కెటింగు బోర్డు, పబ్బుల్లో రొట్టె, జున్ను, బీరు కలిపి తినడాన్ని ప్రోత్సహించి, ప్లౌమన్స్ లంచ్, అంటే దుక్కి దున్నేవాడి భోజనం అన్న పేరును ఊరూరా నాటాయి. ఒక రొట్టె, ఒక జున్ను ముక్క, ఊరవేసిన ఉల్లిపాయ, తీపి పచ్చడి, సగం టమాటా గల ఈ పళ్ళానికి పొయ్యి అక్కర్లేదు, వంటవాడు అక్కర్లేదు. కత్తి పట్టడం తెలిసిన పబ్బు యజమాని భార్య ఒక్కతే నలభై మందికి అందించగలదు. కూలీలు పొలంలో రొట్టె, జున్ను తిన్న మాట శతాబ్దాల నాటి సత్యమే గనుక ఈ వంటకాన్ని పచ్చి అబద్ధమనడం న్యాయం కాదు. అయితే సత్యానికి ఎవరు, ఎప్పుడు, ఏ లాభం కోసం పళ్ళెం అమర్చారన్నది వేరే ప్రశ్న. ఇయాన్ మెకివన్ రచనతో 1983లో వచ్చిన చలనచిత్రం ఆ వంటకం పేరునే శీర్షికగా పెట్టుకుని, అనుకూలంగా తయారుచేసుకున్న గతానికి దాన్ని గుర్తుగా వాడుకుంది.

ప్లౌమన్స్ లంచ్ మెట్టు వేస్తే, మెట్టు ఎక్కించినది మోటారు కారు. 1950, 60వ దశకాల్లో మధ్యతరగతి చేతికి కారు వచ్చాక, ఆదివారం పట్టణం వదిలి పల్లెదారిలో తిరిగి రావడం కుటుంబ వినోదమైంది. ఆ దారి చివర ఉన్నది పల్లె పబ్బు. చట్టం మారలేదు గనుక తల్లిదండ్రులు లోపల ఉండగా పిల్లలు తోటలోనో, కారు వెనుక సీటులోనో, నిమ్మసోడా సీసాతో, ఆలుచిప్స్ పొట్లంతో కాలక్షేపం చేయడం ఒక తరం మొత్తానికి ఉమ్మడి బాల్యానుభవం. ఆ చిప్స్‌కు కూడా పబ్బుతో పాత చుట్టరికమే: 1920లో లండనులో వ్యాపారం మొదలుపెట్టిన ఫ్రాంక్ స్మిత్ తొలి రోజుల నుంచీ పబ్బులకే వాటిని అమ్మి, నీలి కాగితంలో చుట్టిన ఉప్పును పొట్లంలో వేసి ఇచ్చాడు.

తరువాత 1967 నాటి రోడ్డు భద్రతా చట్టం వచ్చింది. రవాణా మంత్రి బార్బరా కాసిల్ పట్టుబట్టి తెచ్చిన ఈ చట్టం 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాములకు మించి మద్యం ఉండగా వాహనం నడపడాన్ని నేరంగా నిర్ణయించి, ఊపిరి పరీక్ష చేసే అధికారాన్ని పోలీసులకు ఇచ్చింది. పట్టణపు పబ్బుకు జనం నడిచి వస్తారు, పొలాల నడుమ ఉన్న పబ్బుకు కారు లేనిదే రారు. అది అమలులోకి వచ్చిన ఆ ఏడాది అక్టోబరు నుంచి తాగుడు మీద మాత్రమే బతికే పల్లె పబ్బుకు ఎదురుగాలి మొదలైంది. ఒక్క పైంటుతో, అంటే సుమారు అర లీటరు బీరుతో, సరిపెట్టుకోవలసిన అతిథి దగ్గర లాభం రావాలంటే అతడికి, అతడి భార్యాబిడ్డలకు అన్నం పెట్టడమే మార్గం. దీనికి నమూనా అప్పటికే పట్టణాల్లో సిద్ధంగా ఉంది. ఇటలీ మూలాలు గల బెర్నీ సోదరులు, ఫ్రాంక్, ఆల్డో, 1955లో బ్రిస్టలులోని రమ్మర్ అనే పాత టావెర్నులో మొదలుపెట్టిన బెర్నీ ఇన్ గొలుసు, స్టేకు, వేయించిన బంగాళాదుంపలు, బఠాణీలతో కూడిన అతిచిన్న మెనూ ఉంటే నైపుణ్యం లేని వంటింట్లో కూడా నష్టం రాదని నిరూపించింది. నూనె కళాయి, డీప్‌ఫ్రీజరు ఉన్న ప్రతి పబ్బూ వేయించిన కోడిని చిన్న బుట్టలో పెట్టి అమ్మసాగింది. బుట్టలో పెడితే పల్లెతనం వచ్చేస్తుందన్న నమ్మకం నేటి పాఠకుడికి కాస్త నవ్వు పుట్టించినా, పళ్ళాలు, చెంచాలు కడిగే మనిషి ఖర్చు తగ్గించిన మాట నిజం. ఈ వేపుళ్ళ యుగంలో వేల్సు సరిహద్దు ప్రాంతంలో, ఆబర్గవెన్నీ దగ్గర ఫ్రాంకో, ఆన్ తరుస్కియో దంపతులు 1963 నుంచి వాల్‌నట్ ట్రీ అనే పల్లె ఇన్నులో వండిన ఇటలీ, వేల్సు వంటలు ఎడారిలో నీటిచెలమ వంటివి.

ఇంతలో న్యాయస్థానాల ముందు ఒక వింత ప్రశ్న వచ్చి చేరింది: భోజనం అంటే ఏమిటి? 1921 నాటి లైసెన్సింగు చట్టం మామూలు వేళ ముగిశాక కూడా, గట్టి భోజనంతోపాటు ఇచ్చే మద్యానికి మరికొంత సమయం అనుమతించింది గనుక, ఏది గట్టిదో ఎవరో ఒకరు తేల్చాలి. 1955లో సాండ్‌విచ్చులు, పుల్లలకు గుచ్చిన సాసేజిలు భోజనమే కావచ్చునని ఒక తీర్పు వెలువడింది. 1965లో మరొక తీర్పు, బీట్‌రూటు, ఊరగాయలు తోడైన దండి సాండ్‌విచ్చును భోజనంగా అంగీకరించింది. 1964లో చట్టాలను క్రోడీకరించినప్పుడు, బల్ల దగ్గర వడ్డించే భోజనానికి ప్రత్యేకించిన గది బారు కిందకు రాదని స్పష్టంగా రాశారు. దాంతో తెలివైన యజమానులు గుర్రపుశాలనో, వెనుక సామాన్ల గదినో బాగుచేసి, బారుకు సంబంధం లేని ఫ్యామిలీ రూము అని బోర్డు పెట్టారు. చాలా చోట్ల అది పబ్బు మొత్తంలో అతి చల్లగా, అతి కళావిహీనంగా ఉండే గది.

ఆ గది అవసరం క్రమంగా తొలగిపోయింది. 1995 జనవరి నుంచి, పిల్లల సర్టిఫికెట్టు పొందిన పబ్బులో భోజనం, మత్తులేని పానీయాలు దొరికేటట్లయితే, పెద్దవారి వెంట పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు రాత్రి 9 గంటల దాకా బారులోనే కూర్చోవచ్చు. అదే ఏడాది ఆదివారపు మధ్యాహ్న విరామం కూడా రద్దయింది. 2005 నవంబరులో అమలులోకి వచ్చిన 2003 నాటి లైసెన్సింగు చట్టం ఈ సర్టిఫికెట్టునే అనవసరం చేసింది. ఆ చట్టంలోనూ అన్నానికి పాత గౌరవం మిగిలింది: పదహారు, పదిహేడేళ్ళవారు బల్ల దగ్గర భోజనం చేస్తూ, పెద్దవారు కొని ఇస్తే, బీరు, వైను, సైడరు తాగవచ్చు. 2007 జూలై 1న ఇంగ్లండు పబ్బుల్లో పొగ తాగడం నిషేధమయ్యాక పసిబిడ్డలతో వచ్చేవారికి ఉన్న చివరి అభ్యంతరమూ పోయింది.

వంటవాడి రాకకు కారణం మరొక చట్టం. 2,000కు మించి పబ్బులున్న బీరు కంపెనీలు అదనపు వాటిలో సగాన్ని తమ బీరే అమ్మాలన్న కట్టుబాటు నుంచి విడిచిపెట్టాలన్న 1989 నాటి ఉత్తర్వుతో పాత పబ్బులు చవకగా చేతులు మారాయి. 1991లో లండనులోని ఫారింగ్డనులో మైక్ బెల్బెన్, డేవిడ్ ఐర్ తెరిచిన ఈగిల్ పబ్బు నుంచి వంటకే ప్రాధాన్యమిచ్చే గ్యాస్ట్రోపబ్ అనే కొత్త కోవ మొదలై పల్లెలకు పాకింది. 2001లో హియర్‌ఫర్డ్‌షైరులోని టిట్లీ గ్రామంలోని స్టాగ్ ఇన్ మిషెలిన్ నక్షత్రం పొందిన తొలి పబ్బుగా పేరు తెచ్చుకుంది. ఈ రకం పబ్బుల్లో వంట ఎంత గొప్పగా ఉన్నా, ఊరి కూలీ ఒక పైంటు తాగడానికి బురద బూట్లతో వచ్చే చోటు మిగలకపోతే అవి రెస్టారెంట్లే అవుతాయన్న విమర్శలో బలముంది.

భోజనం మరొక రకం పబ్బును కూడా నిలబెట్టింది. బర్మింగ్‌హాం పక్కనున్న స్మెదిక్‌లో 1960వ దశకంలో కొన్ని పబ్బుల ప్రత్యేక గదుల్లోకి భారతీయులను, నల్లవారిని రానిచ్చేవారు కాదు, 1965 ఫిబ్రవరిలో అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ ఆ ఊరికి వచ్చి ఆ వివక్షను స్వయంగా చూశాడు; అదే ఏడాది వచ్చిన జాతి సంబంధాల చట్టం దాన్ని నిషేధించింది. అక్కడి ఫౌండ్రీల్లో పనిచేసిన పంజాబీ కుటుంబాలు తరువాత ఆ ప్రాంతపు పబ్బులనే నడుపుతూ, బొగ్గుల మీద కాల్చిన మాంసాన్ని, నానును బీరుతో కలిపి వడ్డించిన దేశీ పబ్బుల కథకు వచ్చే భాగం కేటాయించబడింది.

2000 నాటికి 60,000కు పైగా ఉన్న బ్రిటను పబ్బులు రెండు దశాబ్దాల్లో సుమారు 47,000కు తగ్గాయి. తిండి అమ్మకం మీద ఆధారపడడం ఈ కాలంలో ఎంత లోతుగా పాతుకుపోయిందో కోవిడు కాలం చూపించింది. 2020 డిసెంబరు 2 నుంచి ఇంగ్లండులోని రెండో శ్రేణి ఆంక్షల ప్రాంతాల్లో, గట్టి భోజనం తింటున్నవారికే పబ్బులో మద్యం ఇవ్వాలని ప్రభుత్వం ఆదేశించడంతో, 1921 నాటి ప్రశ్న తిరిగి లేచింది. ఉడికించిన గుడ్డు చుట్టూ మాంసపు ముద్ద అద్ది, రొట్టె పొడిలో దొర్లించి వేయించే స్కాచ్ ఎగ్గు భోజనమేనని ఒక మంత్రి అభిప్రాయపడగా, మైకెల్ గోవ్ అనే మరొక మంత్రి అది భోజనానికి ముందు తినే చిరుతిండి మాత్రమేనని ఉదయం చెప్పి, అదే రోజు తరువాత అది గట్టి భోజనమేనని మాట మార్చుకున్నాడు. 2021 ఏప్రిల్ 12న పబ్బుల తోటలు తిరిగి తెరిచినప్పుడు రాసిన నియమాల్లో భోజనపు షరతు లేదు.